ట్యాంకు నుంచి సీసాలోకి: చిన్న వైనరీలు, డిస్టిలరీల బాట్లింగ్ గురించి

అందరికీ నమస్కారం.

మాటలు మొదలుపెట్టే ముందు ఈ రెండు సీసాలు చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటాను. దీంట్లో వైన్ లేత గడ్డి రంగులో ఉంది. దీంట్లో తేనె రంగు తిరిగింది. రెండూ ఒకే ట్యాంకులోవి. ఒకే రోజు నింపాం. 14 నెలలు ఒకే గదిలో పక్కపక్కనే పడుకోబెట్టాం. తేడా ఒక్కటే. మొదటిది భోజనాలకు లేవకముందు నింపింది, రెండోది భోజనాలు చేసి వచ్చాక మొట్టమొదట నింపింది. మధ్యలో ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా వైన్, ఫిల్లర్ (సీసాలు నింపే మెషిన్) తొట్టిలో, అదీ సగం ఖాళీగా ఉన్న తొట్టిలో, గాలి పీల్చుకుంటూ నిలబడిపోయింది. ఎవరూ తప్పు చేశామనుకోలేదు. అందరం ఆకలి మీద ఉన్నాం, లేచి వెళ్లాం, అంతే.

ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ముప్పావుగంట చుట్టూనే తిరుగుతుంది. చిన్నగా వైన్ చేసేవాళ్లూ, చిన్న డిస్టిలరీ పెట్టుకున్నవాళ్లూ నన్ను ఎక్కువగా అడిగేది "ఏ మెషిన్ కొనాలి? గంటకు ఎన్ని సీసాలు నింపుతుంది?" అని. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, మెషిన్ నెమ్మదిగా ఉందని సరుకు పాడైన సందర్భం లేదు. మెషిన్ ఆగినందుకు పాడైనవి మాత్రం చాలా ఉన్నాయి. గంటకు 200 సీసాలు ఆగకుండా నింపే లైను మంచిది. 600 నింపే శక్తి ఉండి గంటకు నాలుగుసార్లు ఆగే లైను కంటే అదే వైన్‌ను ఎక్కువ కాపాడుతుంది.

ఎందుకో లెక్కలో చూద్దాం. వైన్‌ను గాలిలో వదిలేస్తే 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కలుపుకుంటుంది. చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. జాగ్రత్తగా నిండుగా ఉంచిన ట్యాంకులో అర మిల్లీగ్రాము కూడా ఉండదు. అంటే ట్యాంకు నుంచి సీసా దాకా ఉన్న ఆ పది పదిహేను అడుగుల దారిలోనే మనం ఏం చేస్తామన్నది తేలిపోతుంది. ఆ దారిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు కలిస్తే మంచి బాట్లింగ్ చేసినట్టే.

ఆ కలిసిన ఆక్సిజన్ ఊరికే కూర్చోదు. వైన్‌కు కాపలాగా మనం వేసిన సల్ఫర్ డయాక్సైడ్‌ను ఖర్చు పెట్టిస్తుంది. ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌కు, రసాయన లెక్క ప్రకారం, 4 మిల్లీగ్రాముల దాకా పోతుంది. లీటరుకు 30 మిల్లీగ్రాముల ఫ్రీ సల్ఫర్‌తో, అంటే ఇంకా దేనితోనూ కలవకుండా కాపలాకు సిద్ధంగా ఉన్న సల్ఫర్ డయాక్సైడ్‌తో, బయలుదేరిన వైన్ తొట్టిలో నిలబడి 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుందనుకోండి. 20 పోయినట్టే. మిగిలిన 10తో ఆ సీసా ఏళ్ల తరబడి ఎలా నెట్టుకొస్తుంది? ఇంకో సంగతి చెప్పాలి, చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆ సాయంత్రమే సీసా తెరిచి కొలిస్తే మీకు 30 దరిదాపే కనిపిస్తుంది. ఈ ఖర్చు నెమ్మదిగా, వారాల మీద జరుగుతుంది. కాబట్టి రిపోర్టు బాగుందని హాయిగా నిద్రపోతాం. రంగు మారేసరికి సీసాలు ఎవరెవరి ఇళ్లకో చేరిపోయి ఉంటాయి.

సీసాలో నింపి అమ్మడం మనకు ఇప్పుడు మామూలు విషయంలా ఉంది గానీ, చాలా కాలం వైన్ చేసినవాడు వేరు, సీసాలో పోసినవాడు వేరు. పీపాలు వ్యాపారి దగ్గరికి వెళ్లేవి, అక్కడ ఏం కలిసేదో ఏం తగ్గేదో చేసినవాడికి తెలిసేది కాదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో షాటో ముటాన్ అనే వైన్ ఎస్టేటును నడుపుతున్న బారన్ ఫిలిప్ ద రోత్‌షీల్డ్ 1924 పంటను మొత్తం తన దగ్గరే సీసాల్లో నింపించాడు. ఆ పంట నాటికి ఆయన వయసు 22. అంతకు ముందే అమెరికాలో, 1870లో, ఓల్డ్ ఫారెస్టర్ విస్కీని జార్జ్ గార్విన్ బ్రౌన్ సీలు వేసిన సీసాల్లో మాత్రమే అమ్మడం మొదలుపెట్టాడు. కల్తీకి భయపడే రోజులవి. సీలు చూసి నమ్మేవారు. వాళ్లిద్దరి తాపత్రయం నాకు బాగా అర్థమవుతుంది. చేసిన చెయ్యే మూత కూడా వేయాలన్న పట్టుదల అది. మీరూ ఆ పట్టుదలతోనే ఇక్కడికి వచ్చారని నా నమ్మకం.

సరే, లైను ఎందుకు ఆగుతుంది? నా నోట్‌బుక్కుల్లో ఆగిన ప్రతిసారీ కారణం రాసుకున్నాను. మొదటి స్థానం ఫిల్టర్‌ది. వైన్ కంటికి తేటగా ఉంటుంది, గ్లాసులో మెరుస్తుంది. 0.45 మైక్రాన్ మెంబ్రేన్ దగ్గరికి వచ్చేసరికి రెండొందల లీటర్లకే మూసుకుపోతుంది. మెంబ్రేన్ సన్నటి జల్లెడ లాంటిది. మడ్డి వడకట్టడం దాని పని కాదు, మిగిలిపోయిన ఈస్ట్‌నూ బ్యాక్టీరియానూ ఆపడమే దాని పని. మడ్డి సంగతి అంతకు ముందే, మందపాటి షీట్ ఫిల్టర్ల దగ్గరే తేలిపోవాలి. టర్బిడిటీ, అంటే వైన్‌లోని మసక, దాన్ని కొలిచే ఎన్‌టీయూ లెక్కలో 1 లోపు ఉంటే తప్ప నేను మెంబ్రేన్ బిగించను. ఒక్కోసారి అంత తేటగా ఉన్నా ద్రాక్షలోని పెక్టిన్, గ్లూకన్ లాంటి జిగురు పదార్థాలు దాన్ని మూసేస్తాయి. అందుకని ముందురోజే చిన్న మెంబ్రేన్ ముక్క గుండా కొన్ని వందల మిల్లీలీటర్లు పంపి, ధార ఎంత వేగంగా సన్నబడుతోందో చూసుకోవాలి. పావుగంట పని. మర్నాడు మూడు గంటలు కలిసొస్తాయి.

ఫిల్టర్ కొనేటప్పుడు డబ్బా మీద "నామినల్" అని ఉందా, "అబ్సల్యూట్" అని ఉందా చూడండి. నామినల్ అంటే ఆ సైజువాటిలో చాలావరకు ఆపుతుందని, అన్నిటినీ కాదు. తీపి మిగిలిన వైన్‌కు ఆ "చాలావరకు" సరిపోదు. మెంబ్రేన్ చిరగలేదని తెలుసుకోవడానికి బబుల్ పాయింట్ టెస్ట్ ఉంది. తడి మెంబ్రేన్‌కు ఒకవైపు నుంచి గ్యాస్ ఒత్తిడి పెంచుతూ పోతే, తయారుచేసినవాళ్లు చెప్పిన ఒత్తిడి కంటే ముందే అవతల బుడగలు వచ్చాయంటే ఎక్కడో కన్నం పడినట్టు. పని మొదలుపెట్టే ముందొకసారి, అయ్యాకొకసారి చేయాలి. అయ్యాక చేసేది ఇంకా ముఖ్యం. మధ్యలో చిరిగి ఉంటే అప్పుడే తెలుస్తుంది.

శుభ్రత గురించి ఒక అనుభవం చెబుతాను. కొంచెం తీపి ఉంచిన వైట్ వైన్, నాలుగు నాజిళ్ల ఫిల్లర్ మీద నింపాం. ముందు వేడినీళ్లు తిప్పాం, అన్నీ పద్ధతిగానే చేశాం అనుకున్నాం. రెండు నెలల తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. సీసాలో బుడగలు వస్తున్నాయని, కొన్ని మసకబారాయని. పెట్టెలు వెనక్కి తెప్పించి విప్పితే ఒక వింత కనబడింది. 12 సీసాల పెట్టెలో పాడైనవి మూడు. ఇంకో పెట్టెలోనూ మూడే. మరోదాంట్లోనూ మూడే. ట్యాంకు పాడైతే అన్నీ పాడవ్వాలి కదా. పన్నెండింట్లో మూడంటే ప్రతి నాలుగోది. అప్పుడు నాలుగో నాజిల్ విప్పి చూస్తే, లోపలి రబ్బరు వాషర్ మడతపడి ఉంది. వేడినీళ్లు అందులోంచి సన్నగా కారాయే తప్ప పారలేదు. ఆ మడతలో ఈస్ట్ గూడు కట్టుకుని కూర్చుంది. ఫిల్టర్ దాటి తేటగా వచ్చిన వైన్‌లో ఆఖరి అంగుళంలో ఈస్ట్ కలుస్తోంది.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. ఫిల్టర్ హౌసింగ్ నుంచి చివరి నాజిల్ దాకా 82 డిగ్రీల వేడి 20 నిమిషాలు అందాలి. ఆ 82ను కొలవాల్సింది బాయిలర్ దగ్గర కాదు, ప్రతి నాజిల్ కొస దగ్గర. ఒక్కో దాని కింద థర్మామీటర్ పెట్టి చూస్తాను. చివరి నాజిల్ 82కు చేరాకే గడియారం చూడడం మొదలుపెడతాను. వాషర్లన్నీ ముందురోజు చేత్తో విప్పి, చూసి, మళ్లీ బిగిస్తాను. బ్లీచింగ్, క్లోరిన్ లాంటివి మాత్రం వైనరీ గడప తొక్కనివ్వకండి. క్లోరిన్, చెక్క, బూజు మూడూ కలిస్తే టీసీఏ అనే పదార్థం పుడుతుంది. తడిసిన అట్టముక్క వాసన. లీటరుకు కొన్ని నానోగ్రాములుంటేనే ముక్కుకు తెలిసిపోతుంది.

ఇక మూత దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. మామూలు కార్క్ బిరడా వ్యాసం 24 మిల్లీమీటర్లు. సీసా మెడ లోపలి వ్యాసం సుమారు 18.5. బిరడా వేసే మెషిన్ దవడలు దాన్ని 16 మిల్లీమీటర్లకు నొక్కి ఒక్క దెబ్బతో లోపలికి దించుతాయి. దిగగానే అది మెల్లగా ఉబ్బి గాజుకు అతుక్కుంటుంది. అందుకే వేసిన వెంటనే సీసాను పడుకోబెట్టకూడదు. ఒక రోజు నిలబెట్టే ఉంచండి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. 45 మిల్లీమీటర్ల బిరడా దిగేటప్పుడు తన కింద ఉన్న గాలిని ఎక్కడికి తోస్తుంది? లోపలికే. చేతి కార్కర్‌తో వేస్తే సీసా లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి రెండింతలు దాటిపోవచ్చు. ఆ ఒత్తిడి బిరడాను పైకి తోస్తుంది, వైన్‌ను అంచుల వెంట కారుస్తుంది, ఉన్న ఆక్సిజన్‌ను వైన్‌లోకి నెడుతుంది. మెడలో మిగిలిన 5 మిల్లీలీటర్ల గాలిలో దాదాపు 1.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 750 మిల్లీలీటర్ల సీసాకు అది చిన్న మోతాదు కాదు. వాక్యూమ్ ఉన్న కార్కర్ అయితే బిరడా దించే ముందు మెడలోని గాలిని లాగేస్తుంది. చిన్నవాళ్లు ఏదో ఒక్క మెషిన్ మీదే డబ్బు పెట్టగలిగితే, ఫిల్లర్ మీద కంటే వాక్యూమ్ కార్కర్ మీద పెట్టమని నేను గట్టిగా చెబుతాను. ఫిల్లర్ గురుత్వాకర్షణతో నడిచేదైనా, చేత్తో తిప్పేదైనా పనైపోతుంది. వాక్యూమ్ కొనలేకపోతే, బిరడా వేసే ముందు మెడలోకి సన్నటి గొట్టంతో కార్బన్ డయాక్సైడ్ గాని నైట్రోజన్ గాని ఒక సెకను ఊదండి. కార్బన్ డయాక్సైడ్ అయితే క్రమంగా వైన్‌లో కలిసిపోతుంది కాబట్టి లోపలి ఒత్తిడీ తగ్గుతుంది.

అల్యూమినియం తిప్పుడు మూత వాడేవాళ్లకు వేరే టెన్షన్. బిరడా బాధలు లేవు గానీ, మెడలో ఖాళీ ఎక్కువ. అందుకని గ్యాస్ ఊదడం వాళ్లకు ఇంకా అవసరం. మూత మీద రోలర్లు మరలు సరిగ్గా నొక్కాయా, పైన ఒత్తిడి సరిపోయిందా అని ప్రతి అరగంటకూ ఒక మూత విప్పి, లోపలి లైనర్ మీద గాజు అంచు గుండ్రంగా, తెగకుండా అచ్చు పడిందో లేదో చూడాలి.

నింపే ఎత్తు గురించి. చాలా సీసాల అడుగున 63 అనో 55 అనో అంకె ఉంటుంది. సీసా అంచు నుంచి అన్ని మిల్లీమీటర్ల కిందకు నింపితే, 20 డిగ్రీల దగ్గర, చెప్పిన పరిమాణం సరిగ్గా ఉంటుందని దానర్థం. ఆ 20 డిగ్రీలన్న మాట మర్చిపోకండి. కోల్డ్ రూమ్ నుంచి 10 డిగ్రీల వైన్ తెచ్చి అదే ఎత్తుకు నింపితే, గది వేడికి వచ్చేసరికి అది ఒకటిన్నర, రెండు మిల్లీలీటర్లు పెరుగుతుంది. మెడ సన్నం కాబట్టి ఆ రెండు మిల్లీలీటర్లే ఏడు మిల్లీమీటర్ల ఎత్తవుతాయి. బిరడాకూ వైన్‌కూ మధ్య ఉండేదే పదిహేను మిల్లీమీటర్ల చోటు. అందులో సగం పోయింది. చల్లటి సీసా మీద చెమట పట్టి లేబుల్ ముడతలు పడడం ఇంకో నష్టం.

(సభలోంచి ప్రశ్న: మాకు స్టిల్ (స్పిరిట్ కాచే బట్టీ) ఉంది, వైన్ లేదు. ఆక్సిజన్ గొడవ మాకు లేదు కదా?)

మంచి ప్రశ్న. మీకు ఆక్సిజన్ భయం వైన్‌వాళ్లకున్నంత లేదు, నిజమే. మీ భయాలు నీళ్లూ, వేడీ, నిప్పూ.

నీళ్లతో మొదలుపెడదాం. అర లీటరు ఆల్కహాల్, అర లీటరు నీళ్లు కలిపితే లీటరు రాదు. 965 మిల్లీలీటర్ల దరిదాపు వస్తుంది. రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. పైగా కలిపినప్పుడు వేడెక్కుతుంది. వేడి మీద హైడ్రోమీటర్ (ఆల్కహాల్ శాతం చూపే తేలుడు గొట్టం) వేస్తే అబద్ధం చెబుతుంది. 40 శాతం స్పిరిట్ 20 డిగ్రీలకు బదులు 30 డిగ్రీలుంటే, హైడ్రోమీటర్ సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. అమెరికాలోనూ యూరప్‌లోనూ లేబుల్ మీది అంకెకూ సీసాలోదానికీ మధ్య ఒప్పుకునే తేడా 0.3 శాతమే. కాబట్టి ఒక్క దెబ్బకు 40కి దించకండి. కాస్త పైన ఆపి, ఒకటి రెండు రోజులు వదిలేసి, చల్లారాక, బాగా కలిపి, మళ్లీ కొలిచి, అప్పుడు మిగిలిన నీళ్లు పోయండి. ఆ నీళ్లు కూడా లవణాలు తీసేసినవై ఉండాలి. కుళాయి నీళ్లలోని కాల్షియం వారాల తర్వాత సీసా అడుగున తెల్లటి పొడిలా పేరుకుంటుంది. పీపాలో పెట్టిన స్పిరిట్‌ను 46 శాతం కిందకు దించితే చల్లదనానికి మసకబారడం మామూలే. అందులోని కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు విడిపోవడమే దానికి కారణం. తాగడానికి చెరుపేమీ లేదు. కొంతమంది దాన్ని సున్నా డిగ్రీల దరిదాపుకు చల్లార్చి వడకడతారు. నాకైతే 46 శాతం మీదే నింపి ఆ రుచిని ఉంచుకోవడమే నచ్చుతుంది.

వేడి సంగతి. స్పిరిట్ నీళ్లకంటే, వైన్‌కంటే చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది. మీ లైను మధ్యాహ్నం ఆగి, ట్యాంకు వేడెక్కి, మళ్లీ మొదలైతే ఉదయం సీసాలకూ సాయంత్రం సీసాలకూ నిజమైన పరిమాణంలో తేడా వస్తుంది, ఎత్తు ఒకేలా కనిపించినా సరే. అందుకే నేను ఎత్తును నమ్మను, తూకాన్ని నమ్ముతాను. ఒక ఖాళీ సీసాను తూచండి, నింపండి, మళ్లీ తూచండి. 40 శాతం స్పిరిట్ 700 మిల్లీలీటర్లు 664 గ్రాములు తూగాలి. తూకానికి వేడీ చలీ లేవు. గంటకోసారి, ప్రతి నాజిల్ కిందా ఒక సీసా తూచితే చాలు.

నిప్పు. ఇది మాత్రం అందరూ రాసుకోండి. 40 శాతం స్పిరిట్ 26 డిగ్రీల దగ్గరే మంటనందుకునే ఆవిరి ఇస్తుంది. 26 డిగ్రీలంటే మామూలు గది వేడి. ఇంకా గాఢమైనదైతే అంతకంటే తక్కువకే. ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోకుండా నేల మీద పాకుతుంది. కాబట్టి మామూలు మోటారు పంపు వాడకండి. గాలితో నడిచే డయాఫ్రం పంపు గాని, నిప్పురవ్వ బయటకు రానివ్వని మోటారు గాని కావాలి. ట్యాంకుకూ, ఫిల్లర్‌కూ ఎర్తింగ్ ఉండాలి. పైపులో పారే స్పిరిట్‌తోనే స్టాటిక్ కరెంటు పుడుతుంది. చిందినది అప్పటికప్పుడు నీళ్లు పోసి కడగండి. పైపుల విషయంలో, "ఫుడ్ గ్రేడ్" అని రాసుంటే సరిపోదు, ఆ గాఢత ఆల్కహాల్‌కు పనికొస్తుందని రాసుండాలి. మెత్తటి వినైల్ పైపులోంచి దాన్ని మెత్తగా చేసే రసాయనం స్పిరిట్‌లోకి దిగుతుంది. ఇంకో చిన్న సంగతి, మీ సీసాలను నిలబెట్టే దాచండి. స్పిరిట్ బిరడాను తినేస్తుంది.

మళ్లీ అందరికీ చెప్పాల్సిన దగ్గరికి వస్తాను. 225 లీటర్ల పీపా ఒకటి 300 సీసాలకు కాస్త తక్కువ ఇస్తుంది. దానికి ఐదుగురు చాలు. ఒకరు కడిగిన సీసాలు అందిస్తారు, ఒకరు నింపుతారు, ఒకరు మూత వేస్తారు, ఒకరు తుడిచి పెట్టెలో పెడతారు, ఐదో మనిషి ఏ పనీ పట్టుకోడు. ఆ ఐదో మనిషి మీకు అనవసరం అనిపిస్తుంది. అందరికంటే ముఖ్యం ఆయనే. బిరడాల సంచీ అయిపోవస్తోందా, ఖాళీ పెట్టెలు ఉన్నాయా, పైపు బిగింపు దగ్గర బుడగ వస్తోందా అని చూస్తూ తిరుగుతాడు. ఎవరైనా లేవాల్సి వస్తే ఆ చోట కూర్చుంటాడు. భోజనాలకు అందరూ ఒకేసారి లేవరు, ఆయన ఒక్కొక్కరినీ విడిపిస్తాడు. లైను వేగం ఎప్పుడూ మూత వేసేవాళ్ల చేతి వేగమే కావాలి. నింపేవాళ్లు ముందుకు పోయి మూత లేని సీసాలు పది వరుసలో నిలబెడితే ఆ పదీ గాలికి వదిలేసినట్టే.

ట్రక్కు మీద మొత్తం లైను బిగించుకుని వచ్చి నింపిపెట్టే సర్వీసులు చాలా ద్రాక్ష ప్రాంతాల్లో ఉన్నాయి. ఏడాదికి రెండు మూడు రోజులే బాట్లింగ్ ఉన్నవాళ్లకు అది మంచి దారే. ఒక్కటే చిక్కు, ఆ తేదీకి మీ వైన్ సిద్ధంగా ఉండాలి. సిద్ధం కాని వైన్‌ను ట్రక్కు వచ్చింది కదా అని నింపొద్దు. టార్టరేట్ స్ఫటికాలు, ప్రొటీన్ మసక, మిగిలిపోయిన పులియడం, ఇవన్నీ ట్యాంకులో ఉండగా సరిచేసుకోవచ్చు, మూత పడ్డాక ఏమీ చేయలేం.

ఇంత చెప్పినా లైను ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. బిరడా విరుగుతుంది, కరెంటు పోతుంది, సీసా పగులుతుంది. సీసా పగిలితే ఆ నాజిల్‌తో పాటు అటూ ఇటూ ఉన్న సీసాలన్నీ పక్కన పెట్టి, గాజు పెంకులు కడిగాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఎందుకు ఆగినా, ఆగిన సమయం, మళ్లీ మొదలైన సమయం, అప్పటి పెట్టె నంబరు రాసుకోండి. పది నిమిషాలు దాటితే తొట్టిలో ఉన్నది వెనక్కి తీసి ట్యాంకులో కాకుండా వేరే పాత్రలో పోయండి. మొదలయ్యాక వచ్చిన మొదటి డజను సీసాలకు గుర్తు పెట్టి విడిగా ఉంచండి. అలాగే రోజు మొదట్లో పైపుల్లో నిలిచిన నీళ్లతో కలిసి వచ్చేవీ, ట్యాంకు అడుగంటాక పంపు గాలి లాగుతూ ఇచ్చేవీ అమ్మకానికి కాదు. మొదట, మధ్యలో, ఆఖర్న నింపినవాటిలో రెండేసి దాచి, ఆరు నెలలకొకసారి విప్పి చూడండి.

ఈ రెండు సీసాలూ అలా దాచినవే. ఇదిగో ఆ రోజు నోట్‌బుక్కు పేజీ, "12.50 ఆపాం, 1.35 మొదలుపెట్టాం, పెట్టె 31" అని ఉంది. గ్లాసులు వెనక బల్ల మీద పెట్టించాను. లేత రంగుది ముందు వాసన చూడండి, తర్వాతే తేనె రంగుది. వరుస మార్చితే ముక్కుకు తేడా సరిగ్గా దొరకదు.